సంత రోజు చూసుకుని బయలుదేరండి

భిలాయిలో పెరిగిన తెలుగువాళ్లకు టైము విలువ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు: నాన్న ఏ షిఫ్టులో ఉన్నాడన్నదాన్ని బట్టే ఇంట్లో వంట ఎప్పుడవ్వాలో, పిల్లలు ఏ గదిలో ఆడుకోవాలో, టీవీ ఎంత మెల్లగా మోగాలో తేలేది. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటినుంచీ ఊరంతా గడియారం వెంటే నడుస్తోంది. కొలిమిని ఆరనివ్వకూడదు కాబట్టి మనుషులే వంతులు వేసుకున్నారు. వానను బట్టీ పంటను బట్టీ బతికిన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల మనుషులు ఇక్కడికొచ్చి ఈ క్రమశిక్షణ పట్టుబడేదాకా నేర్చుకున్నారు. దాంతోనే పిల్లల్ని చదివించారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు, ఊళ్లో ఇల్లు కట్టారు. దాని మీద నాకున్నది గౌరవమే.

అయితే ఆ అలవాటే ఒకచోట మన కాళ్లకు అడ్డం పడుతుంది. రెండ్రోజులు సెలవు కలిసొచ్చిందని ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసనున్న బస్తర్ బయలుదేరతాం. రాత్రి కారెక్కితే తెల్లారేసరికి జగదల్‌పూర్. పదింటికి చిత్రకోట్ జలపాతం, మధ్యాహ్నానికి తీరథ్‌గఢ్, వీలైతే దంతేవాడలో అమ్మవారి దర్శనం, మర్నాడు రాత్రికి మళ్లీ క్వార్టర్లో. ఫోను నిండా ఫొటోలు ఉంటాయి. అక్కడి మనిషి ఎవరితోనైనా పది నిమిషాలు కూర్చుని మాట్లాడారా అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. జలపాతాన్ని చూసొస్తాం, దాని పక్కన బతికేవాళ్లను దాటుకుని వచ్చేస్తాం.

అడవినీ నదినీ నమ్ముకుని బతికే ప్రాంతానికి వెళ్లాలనుకున్నప్పుడు మీ సెలవు కాగితం కాసేపు పక్కన పెట్టండి. అక్కడ ఏ ఊళ్లో ఏ రోజు సంతో, ఆ నెలలో ఏ చెట్టు పని నడుస్తుందో ముందు కనుక్కోండి. సెలవు దాన్ని బట్టి పెట్టండి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. నాలుగు రోజులపాటు మన సమయాన్ని ఇంకొకరి చేతికి అప్పగించడం కూడా ఒక విద్య. పెద్దవయసు తల్లిదండ్రుల పక్కన నిమ్మళంగా కూర్చోవాలన్నా, కొత్త ఊళ్లో నలుగురితో కలవాలన్నా అదే విద్య కావాలి. భిలాయి వాళ్లకు అది నేర్పే బడి మూడు వందల కిలోమీటర్ల దూరంలో, ఇంద్రావతి ఒడ్డున ఉంది.

ఆ నది మనకు ఏమవుతుంది

ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి పడమటికి పారుతుంది. జగదల్‌పూర్ దాటాక చిత్రకోట్ దగ్గర గుర్రపు లాడంలా వంగిన రాతి అంచు మీది నుంచి 29 మీటర్ల లోతుకు దూకుతుంది. బార్సూర్ దగ్గర పాయలుగా చీలి, కిందికి వెళ్లాక ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల మధ్య సరిహద్దుగా సాగి, సుమారు 535 కిలోమీటర్ల నడక తర్వాత గోదావరిలో కలుస్తుంది. తీరథ్‌గఢ్‌లో మెట్లు మెట్లుగా జారే కాంగేర్ నీళ్లు శబరిలోకి పోతాయి. ఆ శబరి కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. రాజమండ్రి రేవులో పుష్కర స్నానం చేసినవాళ్ల నెత్తిన పడింది బస్తర్ వాన కూడా. మన భిలాయి నీళ్లు శివనాథ్ మీదుగా మహానదికి వెళ్తాయి. కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ పన్నెండు మలుపులూ ఎక్కి పీఠభూమి మీదికి చేరామంటే ఇక వాగుల దారి గోదావరి వైపే.

దీన్ని అమెజాన్ లాంటి వర్షారణ్యం అనుకుని వెళ్లొద్దు. సాలుకు దాదాపు ఒకటిన్నర మీటరు వాన పడుతుంది గానీ, అందులో చాలాభాగం నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. మిగతా కాలమంతా అడవి ఆ తడిని దాచుకుని బతుకుతుంది. ఉత్తరాది గుగ్గిలం అడవీ, దక్షిణాది టేకు అడవీ కాంగేర్ లోయలో ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. అందుకే 200 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న జాగాలో అంత వైవిధ్యం. 1982లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. మనిషి మాటను అనుకరించే బస్తర్ కొండ గోరింక ఉండేది అక్కడే. కుటుమ్‌సర్ గుహలోని చీకటి మడుగుల్లో చూపు లేని చేపలు ఉన్నాయి.

మనవాళ్లు బస్తర్‌ను ఎరగకపోవడానికి ఒక కారణం రైలు. ఏటా ఊరికి వెళ్లేది రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్‌దీ అదే దారి. అంటే బస్తర్‌ను పడమట వదిలేసి చుట్టూ తిరిగి పోతాం. రోడ్డు మాత్రం నేరుగా ఉంది. ధమ్‌తరి, కాంకేర్, కొండగావ్ దాటి జగదల్‌పూర్ వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి అక్కడ ఆగదు. సుక్మా, కొంటా మీదుగా భద్రాచలం వైపు దిగి, విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా వెళ్తుంది. అసలు ఈ దారి చాలా పాతది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటొచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటూ వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి చుట్టరికం ఇనుముతో ఉంది. భిలాయి కొలిమికి ఖనిజం మొదటినుంచీ దల్లీ రాజ్‌హరా గనులదే. అక్కడి నిల్వలు తరిగిపోతుంటే ప్లాంటు చూపు దక్షిణాన రావ్‌ఘాట్ కొండల మీద పడింది. దల్లీ రాజ్‌హరా నుంచి అంతాగఢ్ వైపు అడవిలోకి రైలు మార్గం వేసింది ఆ ఖనిజం కోసమే. ఇంకా దక్షిణాన బైలాడీలా గనుల ఖనిజపు పొడి కలిసి శంఖిని నది ఎర్రబడిన సంగతి బస్తర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిత్రకోట్ వెళ్లే దారిలో లోహండీగూడ వస్తుంది. అక్కడి పది ఊళ్ల భూమిని టాటా స్టీల్ కర్మాగారం కోసం సేకరించారు. కర్మాగారం రాలేదు. 2019లో ఆ భూమిని రాష్ట్ర ప్రభుత్వం రైతులకు తిరిగి ఇచ్చింది. బార్సూర్ దగ్గర బోధ్‌ఘాట్ జలవిద్యుత్ ప్రాజెక్టుకు 1979లో శంకుస్థాపన జరిగింది. పని ఆగిపోయినా, మునిగిపోతామన్న భయం ఆ ఊళ్లను వదల్లేదు.

ఇవన్నీ మీరు తప్పు చేశారని చెప్పడానికి కాదు. ఉక్కు ఊరి నుంచి వచ్చామని చెప్పగానే అక్కడివాళ్లు ఒక్క క్షణం ఆగి మనల్ని చూస్తారు. ఆ చూపు ఎందుకో తెలిసి వెళ్తే మాట మర్యాదగా వస్తుంది. ఒక్కసారైనా బాలోద్, దల్లీ రాజ్‌హరా, భానుప్రతాప్‌పూర్ మీదుగా వెళ్లండి. దూరం, అలసట రెండూ ఎక్కువే. అయినా మీ ఇంటి జీతం ఏ కొండల్లోంచి వచ్చిందో కళ్లారా చూసి, ఆ తర్వాత అడవిలో అడుగు పెడతారు.

సంత

బస్తర్ పల్లెలో వారం అంటే ఏ రోజు ఏ ఊరి సంత అన్న వరస. చుట్టుపక్కల ఊళ్లు రోజులు పంచుకుంటాయి. వ్యాపారులు ఉప్పు, నూనె, బట్టలు, ఎండుచేపలు జీపుల్లో వేసుకుని రోజుకో ఊరు తిరుగుతారు. పెళ్లి మాటలు, అప్పుల లెక్కలు, పక్క ఊరికిచ్చిన కూతురి యోగక్షేమాలు, కోడిపందేలు అన్నీ అక్కడే. ఆల్ఫ్రెడ్ గెల్ అనే మానవశాస్త్రవేత్త నారాయణ్‌పూర్ వైపు ధౌడాయి సంతను గమనించి రాసిన వ్యాసం 1982లో అచ్చయింది. నగలు, బట్టల్లాంటి విలువైన సరుకు నడిబొడ్డున ఉంటుంది. అడవి సరుకు, కుండలు అంచుల్లోకి జరుగుతాయి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూస్తే ఆ ప్రాంతంలో ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోతుందని ఆయన గమనించాడు.

అందుకే నా సలహా, మీరు అంచుల దగ్గరికి వెళ్లండి. చెట్టు నీడన చిన్న గంపలో ఇప్పపువ్వు, కొద్దిగా సారపప్పు, ఆకుదొప్పలో చెట్టు మీద గూళ్లు కట్టే ఎర్రచీమలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కొండ దారుల్లో గంటల తరబడి నడిచి వచ్చినవాళ్లు. వాళ్ల వారం మొత్తం ఆ గంపలో ఉంది. అది అమ్ముడైతేనే ఉప్పూ, సబ్బూ, పిల్లాడి పలకా. కాబట్టి ముందు ఏదైనా కొనండి, మాట తర్వాత. కొనేది మీ వంటింట్లో నిజంగా వాడేదై ఉండాలి. చింతపండైతే మన ఇళ్లలో వద్దనేవాళ్లు ఉండరు, పైగా జగదల్‌పూర్ మండీకి పేరు తెచ్చిందే అది.

బేరం గురించి గట్టిగా చెప్పాలి. సారపప్పు తీసుకుని దానికి సరితూకం ఉప్పు చేతిలో పెట్టి పంపిన వ్యాపారుల కథలు బస్తర్‌లో ఇంకా మరిచిపోలేదు. అక్కడ చాలా సరుకు కుప్పల లెక్కన, కొలత లెక్కన అమ్ముతారు, తక్కెడ తక్కువ. భిలాయి సూపేలా మార్కెట్‌లో కూరగాయలవాడితో ఆడిన బేరం ఇక్కడ ఆడకండి. కుప్ప ఎంతంటే అంత ఇచ్చి తీసుకోండి. చిల్లర నోట్లు దండిగా వెంట ఉంచుకోండి, ఐదు వందల నోటు తీస్తే ఆమె అమ్మకమే ఆగిపోతుంది.

సంత రోజు కనుక్కోవడం కష్టమేమీ కాదు. జగదల్‌పూర్ బస్టాండులో పల్లె బస్సుల కండక్టర్లను అడగండి, టీ కొట్టువాళ్లను అడగండి. ఫోనులో పాత సమాచారం చూసి వెళ్లకండి, పండగలకూ పంట పనులకూ రోజులు జరుగుతుంటాయి. మధ్యాహ్నానికి సంత నిండుతుంది, పొద్దు వాలకముందే పలచబడుతుంది, ఎందుకంటే వాళ్లు చీకటి పడేలోపు అడవి దాటాలి. పొద్దున్నే వెళ్లి అది నిండే దాకా అక్కడే ఉండండి. ఒక సంతకు ఒక పూట మొత్తం ఇవ్వండి. ఒకే రోజు రెండు సంతలు చుట్టేయాలన్న ఆలోచన వస్తే అది మీలోని షిఫ్టు మనిషి ఆలోచన.

మర్నాడు ఏమీ పెట్టుకోకండి. అసలు సాధన ఆ రోజే. కాంగేర్ లోయ పార్కు పొలిమేర ఊళ్లలో అతిథుల్ని ఇళ్లలో ఉంచుకుంటున్నారు. కాంగేర్ నది మీద వెదురు తెప్పలు నడిపే ధుడ్‌మారాస్ అలాంటి ఊరే. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో తన ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఆ ఊరిని ఎంచుకుంది. అక్కడ ఒక రోజంతా ఉండి, ఇంటివాళ్లు ఏ పనికి వెళ్తే ఆ పని దగ్గరికి, పిలిస్తేనే, వెళ్లండి. పిలవకపోతే అరుగు మీద కూర్చోండి. తొలి రెండు గంటలూ నరకంగా ఉంటుంది. చెయ్యి ఫోను మీదికి పోతుంది, ఏదో పోగొట్టుకుంటున్నట్టు మనసు కొట్టుకుంటుంది. ఆ తర్వాత వినడం మొదలవుతుంది. పశువుల మెడలోని కొయ్య గంటలు, దంపుడు చప్పుడు, ఎవరింటికి ఎవరొచ్చారో. ఏ మనిషి దగ్గరైనా ఓపిక పట్టవలసింది ఆ మొదటి రెండు గంటలే.

నది రేవుకు వెళ్లేముందు అడగండి. ఆడవాళ్లు స్నానాలు చేసే చోటు వేరే ఉంటుంది, దానికి వేళలుంటాయి. మగవాళ్లు కెమెరాతో అటు వెళ్లారంటే ఆ ఊళ్లో మీ మాట ఇక చెల్లదు.

ఏ నెలలో ఏ పని

మాఘ ఫాల్గుణాల్లో చింతపండు దులుపుతారు. మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వుది. తెల్లారకముందే ఇంటిల్లిపాదీ చెట్ల కిందికి వెళ్లిపోతారు, ఎండెక్కే లోపు ఏరుకోవాలి. ఆ వేళ ఊళ్లోకి వచ్చి ఎవరూ పలకరించలేదనుకుంటే అది మన పొరపాటే. తర్వాత తునికాకు. ఏప్రిల్ చివర నుంచి మే దాకా తెల్లారుజామున కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో లెక్క అప్పజెప్పాలి. ఏడాదిలో చేతికి నగదు వచ్చే కొద్ది రోజులవి. ఆ రోజుల్లో వాళ్ల గంట కూడా విలువైనదే. వానలు పడ్డాక వ్యవసాయం. ఆగస్టు, సెప్టెంబరుల్లో చిత్రకోట్ ఎర్రటి నీళ్లతో మూడు వందల మీటర్ల వెడల్పున ఉరుముతుంది. కానీ అప్పుడు కుటుమ్‌సర్ గుహ మూసేస్తారు, లోపలి దారులు తెగుతాయి. ఎండాకాలం చివర్లో వెళ్తే అదే జలపాతం సన్నటి పాయలుగా చిక్కిపోయి కనిపిస్తుంది. పంట ఇంటికొచ్చాక, డిసెంబరు నుంచి మార్చి దాకా మఢయీ జాతరలు. 75 రోజులు సాగే బస్తర్ దసరాలో రాముడూ రావణుడూ ఉండరు, ఆ పండగంతా దంతేశ్వరి అమ్మవారిదే.

తొలిసారి వెళ్లేవాళ్లకు నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచిది, జనానికి తీరిక ఉంటుంది, దారులు ఆరి ఉంటాయి. రెండోసారి మాత్రం ఇప్పపువ్వు రాలే రోజుల్లో వెళ్లమంటాను, అప్పటికి అక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు గనక.

ఇంకో సంగతి. మన మన్యంలో కోయల కొత్తల పండగ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బస్తర్‌లోనూ కొత్త పంటను ముందు దేవతకూ పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే తింటారు. కొత్త బియ్యానికి నవాఖానీ ఉంది, కొత్త మామిడికీ పండగ ఉంది. ఆ ఊరి పండగ అయిందో లేదో అడక్కుండా చెట్టు మీది కాయ కోయకండి, పిల్లలకు ఇవ్వకండి.

ఎదుటి మనిషి

‘జోహార్’ అని రెండు చేతులూ జోడిస్తే చాలు, మిగతా మాట హిందీలో నడుస్తుంది. అక్కడి హల్బీ భాష కొంచెం వస్తే ఇంకా మంచిది. జీలుగు కల్లును అక్కడ సల్ఫీ అంటారు. ఆకుదొప్పలో పోసి ఇస్తారు. తాగనివాళ్లు తాగనని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మొహం చిట్లించడం, వాసన చూసి పక్కన పెట్టడం చేయకండి.

ఘోటుల్ గురించి అడగొద్దని నా మనవి. మురియా పల్లెల్లో పెళ్లికాని యువతీయువకులు కలిసి పని నేర్చుకుని, ఆడిపాడి, ఊరి బాధ్యతలు మోసే సంస్థ అది. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద పుస్తకం ప్రచురించాక ఎందరో బయటివాళ్లు ఆ పుస్తకంలోని ఒక్క సంగతి కోసమే కెమెరాలు పట్టుకుని వచ్చారు. ఆ ఊళ్లు పడిన అవమానం చిన్నది కాదు. ఫొటో తీయాలనుకుంటే ముందు పేరు అడగండి, తర్వాత ఫొటో అడగండి. ఇంటికొచ్చాక దాన్ని అచ్చు వేయించి ఆ ఊరి బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపండి, వాళ్లకు చేరుతుంది.

బయటివాళ్లంటే అనుమానం ఎందుకని విసుక్కోకండి. అడవిని రిజర్వు చేసి, వెట్టి చేయించుకున్నందుకు 1910లో బస్తర్ తిరగబడింది. మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి కబురుగా నడిచాయి. నాయకుడు గుండాధుర్‌ది కాంగేర్ లోయ పక్కనున్న నేతానార్, అతను ప్రభుత్వానికి చిక్కనే లేదు. దగ్గరి గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చారు. మనం గొత్తికోయలని పిలిచేది వాళ్లనే. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరిని పోగొట్టుకున్నాడో మీకు తెలియదు. నక్సలైట్ల గురించి, పోలీసుల గురించి మీరుగా ఎత్తకండి. వాళ్లు చెప్తే వినండి, అభిప్రాయం ఇవ్వకండి, రికార్డు చేయకండి.

జాగ్రత్తలు కూడా ఇందులో భాగమే. చీకటి పడ్డాక ప్రయాణం వద్దు. క్యాంపులు, సెల్ టవర్లు, బలగాల వాహనాలు ఫొటో తీయొద్దు, డ్రోను ఇంట్లో వదిలెయ్యండి. అబూజ్‌మడ్ వైపు వెళ్లాలంటే 2009 దాకా బయటివాళ్లకు అనుమతే లేదు. ఇప్పుడైనా నారాయణ్‌పూర్, బీజాపూర్ లోతట్టు ఊళ్లకు బయలుదేరేముందు ఠాణాలోనూ, ఆ ఊరి సర్పంచ్ దగ్గరా రెండుచోట్లా అడిగి, ఇద్దరూ సరేనంటేనే వెళ్లండి. నడిచేదారి వదిలి పొదల్లోకి దిగకండి, పాతిపెట్టిన మందుపాతరలు ఎవరి పోరో చూసి పేలవు.

నీళ్ల దగ్గర ఇంతే గుర్తుంచుకోండి: జలపాతం పైనున్న రాతి అంచు వానాకాలంలో పాచి పట్టి ఉంటుంది, అక్కడికి వెళ్లకండి. దోనె ఎక్కితే బూట్లు విప్పి అడుగున కూర్చోండి, మధ్యలో లేవకండి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు. కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా జగదల్‌పూర్ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మలేరియా. బస్తర్ దోమ మనకు చెప్పకుండా తన క్యాలెండరును మన వెంట పంపిస్తుంది. దేశంలో ఫాల్సిపారం మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఇదొకటి. వెళ్లేముందే డాక్టరును అడిగి ముందుజాగ్రత్త మందులు కావాలో లేదో తెలుసుకోండి. దోమతెర తీసుకెళ్లండి, పొద్దు గుంకితే పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. కుట్టిన వారం నుంచి కొన్ని వారాల దాకా ఎప్పుడైనా జ్వరం రావొచ్చు. అప్పటికి మీరు డ్యూటీలో చేరి, ప్రయాణం సంగతే మరిచిపోయి ఉంటారు. వైరల్ జ్వరం అనుకుని మాత్ర వేసుకుని షిఫ్టుకు వెళ్లిపోయే అలవాటు మన ఊళ్లో బాగా ఉంది, ఫాల్సిపారం విషయంలో ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. బస్తర్ నుంచి వచ్చాక ఏ జ్వరం వచ్చినా ఆ రోజే భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రికో దగ్గర్లోని వేరే ఆసుపత్రికో వెళ్లి, బస్తర్‌లో ఉండి వచ్చానని మొదటి మాటగా చెప్పి, రక్త పరీక్ష చేయించుకోండి. రెండో రకం, వైవాక్స్, కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. దానికిచ్చే ప్రైమాక్విన్ కోర్సు 14 రోజులు. కొందరికి ఆ మందు పడదు కాబట్టి సొంతంగా కొని వేసుకోకండి, డాక్టరు రాస్తే మాత్రం జ్వరం తగ్గినా మధ్యలో ఆపకండి.